పంతొమ్మిదో నంబరు

తోట ఇల్లు,
జూన్ 11

అక్కకు,

నీ ఉత్తరానికి జవాబు రాయలేదని కోపంగా ఉంటావు. ఉండు. కోపంలో ఉన్నప్పుడే నీ బుర్ర బాగా పనిచేస్తుంది, నాకిప్పుడు కావలసింది అదే.

ద్రాక్షతోటలో ఏదో తేడాగా ఉంది. పదో వరస నుంచి పద్దెనిమిదో వరస దాకా, నడిమధ్యలో ఓ నలభై మొక్కలు అప్పుడే పసుపెక్కాయి. ఆకుల అంచులు ఎండి చుట్టుకుపోతున్నాయి. కాయ శనగగింజంత కూడా కాకుండానే ఆగిపోయింది. నీళ్లు చాలడం లేదేమోనని గొట్టాలు మార్చాను. ఎరువు వేశాను. మందు కొట్టాను. తల ప్రాణం తోకకొచ్చింది తప్ప ఒక్క మొక్క కోలుకోలేదు.

పక్క తోటాయన గట్టు మీద నిలబడి చూశాడు. "నూనె మరకలా పాకుతోందయ్యా ఇది. పోయినేడు ఇంత లేదుగా" అన్నాడు. పోయినేడు కూడా కాస్త ఉంది. నేనే పట్టించుకోలేదు.

"రోగం ఆకుల్లో లేదు. ఆకులకి మందు కొట్టి కొట్టి నీ చేతులు పడిపోతాయి గానీ, మీ అక్కకి రాయి" అని నీ మరదలు మూడు వారాలుగా పోరుతోంది. రాస్తాను, రాస్తాను అంటూ నెట్టుకొచ్చాను. ఈ పూట కాగితం తెచ్చి ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

పదకొండు వందల మొక్కలక్కా. ఇరవై రెండేళ్ల కింద నేనూ ఆమే గోతులు తవ్వి నాటుకున్నవి. ఇది తప్ప నాకు వేరే పని రాదు, ఈ వయసులో నేర్చుకునే ఓపికా లేదు. ఏం చెయ్యమంటావో చెప్పు.

నీ తమ్ముడు


పరిశోధనా కేంద్రం,
పురుగుల షెడ్డు పక్క గది,
జూన్ 17

చిన్నోడికి,

నలభై ఆరేళ్ల మనిషిని ఇంకా చిన్నోడంటానని నీ పెళ్లాం నవ్వుతుంది. నవ్వనీ.

ఎండిన మొక్క కింద మాత్రం తవ్వకు. అందరూ చేసే పొరపాటు అదే. వేరు చచ్చాక పురుగు అక్కడుండదు, తిండి ఉన్న చోటికి వెళ్లిపోతుంది. ఎండినదాని పక్కన, తనకేం కాలేదన్నట్టు పచ్చగా నిలబడిన మొక్క ఉంటుంది చూడు, దాని కింద తవ్వు. జానెడు లోతు చాలు. సన్నవేళ్ల కొనలు ఉబ్బి, కొక్కెంలా వంగి ఉంటే భూతద్దం పెట్టి చూడు. ఆవగింజలో సగం కూడా ఉండదు, పసుపు రంగు. అలాంటివి కనబడితే నాకు భయపడే హక్కు వచ్చినట్టే.

వేరుపేను సంగతి నీకు తెలియనిది కాదు. నా ఉద్యోగమంతా దానితోనే కదా. ముప్ఫై ఒక్క రకాల అడవి ద్రాక్షను కుండీల్లో పెంచి, ఒక్కో కుండీలో ఆ పురుగు గుడ్లు చేత్తో వదిలి, ఏది చస్తుందో, ఏది తట్టుకుంటుందో చూస్తూ కూర్చుంటాను. మనం పెంచే ద్రాక్ష వేరుకు ఆ శక్తి లేదు. తట్టుకునే వేరు దొరికితే దాని మీద మన ద్రాక్షను అంటు కట్టుకోవచ్చు. ఎనిమిదేళ్లకి ఒక్కటే గట్టిగా నిలబడింది, పంతొమ్మిదో నంబరు. మా గురువుగారు ఒక లోయలో ఒకే ఒక్క తీగను చూసి కొమ్మ కోసుకొచ్చారు. ఆ లోయలో ఇప్పుడు పెద్ద రోడ్డుంది. కుండీలో తట్టుకుంది సరే, బయటి నేలలో ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. ఇంకో రెండేళ్లు కుండీల్లోనే చూడమంటారు మా పెద్దసారు.

వేళ్లు కోసి స్పిరిట్ సీసాలో వేసి పంపు. నువ్వు తేవద్దు. పారనీ, బూట్లనీ మరిగే నీళ్లతో కడుగు. తోట బొమ్మ గీసి, ముందు ఎక్కడ మొదలైందో, మధ్యలో ఏముందో రాయి. ఈ పురుగు ఒక్క చోట దిగి చుట్టూ పాకుతుంది. మధ్యలో ఏముందో తెలిస్తే, ఎలా వచ్చిందో తెలుస్తుంది.

వేరే ఏదో అయి ఉంటుందిలే. కంగారు పడకు. నేను పడుతున్నాను, ఇద్దరికీ సరిపోతుంది.

అక్క


తోట ఇల్లు,
జూలై 2

అక్కకు,

సీసా పంపాను. నువ్వు చెప్పినట్టే పచ్చగా ఉన్న మొక్క కింద తవ్వాం. నీ మరదలే భూతద్దం పట్టుకుంది. వేరు కొన తిప్పి తిప్పి చూసింది. తర్వాత అద్దం నా చేతికిచ్చి, "కదులుతున్నాయి" అంది. అంతే, వెళ్లి గట్టు మీద కూర్చుంది. నేను చూడకుండానే వేళ్లు సీసాలో వేశాను. ఆమె కళ్లు నాకంటే మంచివి.

బొమ్మ గీశాను. గీతలు వంకరగా ఉన్నాయని నవ్వకు. మధ్యలో ఏముందని అడిగావు. ఏముంటుంది? చచ్చిన మొక్కలు. ముందు ఎక్కడ మొదలైందో నాకు సరిగ్గా గుర్తు లేదు.

ఒకటి అడుగుతాను, ఊరికే. నీ పంతొమ్మిదో నంబరు లాంటి గట్టి మొక్క ఉందనుకో. దానికేం కాకుండానే, అది ఈ పురుగును వేరే చోటికి మోసుకుపోగలదా? పుస్తకాల్లో ఏం రాశారో తెలుసుకుందామని.

వేడి ఎక్కువైంది. ఇరవయ్యో వరసలో కూడా ఆకు రంగు తిరిగింది.

నీ తమ్ముడు


పరిశోధనా కేంద్రం,
పురుగుల షెడ్డు పక్క గది,
జూలై 20

చిన్నోడికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను.

అది వేరుపేనే. అంతే అయితే ఉత్తరం ఇక్కడితో ఆపి, నీతో కూర్చుని ఏడవడానికి బస్సెక్కేదాన్ని. మేం షెడ్డులో పెంచే పురుగు పన్నెండేళ్ల కింద ఒకే ఆడపురుగు నుంచి వచ్చిన సంతతి. పరీక్షలో పెడితే ఇట్టే గుర్తుపడతాం. ఈ చుట్టుపక్కల ఏ తోటలోనూ అది లేదు. నీ సీసాలో ఉన్నది అదే. మూడుసార్లు చూశాను. మూడోసారి గాజుపలక జారి పగిలింది.

మూడేళ్ల కింద కత్తిరింపులకి మనుషులు దొరకలేదంటే నేను వచ్చాను, గుర్తుందా? షెడ్డులోంచి బయటికొచ్చే ముందు బూట్లు మందునీళ్ల తొట్టిలో ముంచి, విప్పి, వేరేవి వేసుకోవాలి. ఆ రూలు రాసి గుమ్మం మీద అంటించింది నేనే. ముంచకుండా వెళ్లిన వాళ్లని అందరి ముందూ నిలబెట్టి కడిగేసింది నేనే. ఆ రోజు బస్సు తప్పిపోతుందని పరుగెత్తాను. బూట్లు ముంచానో లేదో ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. గుర్తు రావడం లేదంటే ముంచలేదనే అర్థం. అవే బూట్లతో నీ పద్నాలుగో వరసలో సాయంత్రం దాకా నిలబడ్డాను.

నీ తోటని నేనే చంపానురా. ఇంతకంటే వేరే మాట రావడం లేదు.

గట్టి మొక్క మోస్తుందా అని అడిగావు. వేరు శుభ్రంగా ఉన్నా కుండీలో మట్టి మోస్తుంది. పక్కన మెత్తటి వేరు దొరికితే పురుగు రాత్రికి రాత్రే దాని మీదికి మారిపోతుంది. నా బూట్లకి అంటిన మట్టి అంతకంటే ఎక్కువేం కాదు.

సోమవారం పెద్దసారుకి చెప్పేస్తాను. నీకు ముందు చెప్పాలనిపించింది.

అక్క


తోట ఇల్లు,
జూలై 29

అక్కకు,

నీ ఉత్తరం నిన్న అందింది. నువ్విలా కుమిలిపోకు. ఎవరైనా కావాలని చేస్తారా? నిన్ను క్షమించేదేముంది అక్కా, నువ్వు నాకు చేసిన మేలు ముందు ఇదెంత? రాసిపెట్టి ఉంది, జరిగింది. నీ మరదలికి కూడా అలాగే చెప్పాను.

కానీ పెద్దసారుకి చెప్పకు. చెబితే పోయిన మొక్కలు తిరిగొస్తాయా? నీ ఉద్యోగానికి ఎసరు తప్ప ఇంకేం ఒరగదు. మన ఇద్దరి మధ్యే ఉండనీ. పురుగు ఎక్కడి నుంచైనా రావచ్చు, ట్రాక్టరు చక్రాలకి అంటుకుని రావచ్చు, ఎవరు చూడొచ్చారు?

నువ్వేం బెంగపడకు. నిన్ననే మధ్య వరసల్లో మొక్కలన్నీ పీకి కాల్చేశాను. నీ మీదికి వచ్చే ఆధారం ఏదీ మిగల్లేదు. అక్కడిప్పుడు బూడిద తప్ప ఏమీ లేదు.

ఒంటి మీద ధ్యాస పెట్టుకో. వేళకి తిను.

నీ తమ్ముడు


పరిశోధనా కేంద్రం,
పాత కాగితాల గది,
సెప్టెంబరు 3

చిన్నోడికి,

నీ ఉత్తరం అందేసరికే చెప్పేశాను. ముందే అంది ఉన్నా చెప్పేదాన్నే.

పెద్దసారు కుర్చీలోంచి లేవలేదు, అరవలేదు. "నువ్వు కాకపోతే ఇంకెవరైనా అయితే బాగుండేదమ్మా" అన్నారు. పైనుంచి మనుషులొచ్చారు. పురుగు షెడ్డు దాటిందని తేలింది కాబట్టి షెడ్డు మూసి, ఉన్నవన్నీ కాల్చమన్నారు. పంతొమ్మిదో నంబరు కొమ్మలు నాలుగు వేడినీళ్లలో ముంచి దాచుకోనివ్వండని బతిమాలాను. "మీ మాట మీద ఇంకా ఎలా నమ్మకం పెట్టుకోమంటారు?" అన్నాడు అందులో ఒకాయన. నాకంటే ఇరవయ్యేళ్లు చిన్నవాడు.

కుండీలు నేనూ మా తోటమాలీ కలిసే మోశాం. మంటలో వేస్తుంటే ఆయన ఒకచోట ఆగిపోయాడు. "అమ్మా, ఇది పచ్చగా ఉందే. దీన్ని కూడానా?" అన్నాడు. దీన్ని కూడా అన్నాను. ఎనిమిదేళ్లు ఒక్క పూటలో అయిపోయింది. నన్ను ఈ కాగితాల గదికి మార్చారు. ఇక్కడ పని లేదు. పని లేదు కాబట్టే పాత రిజిస్టర్లు తిరగేశాను.

పంతొమ్మిదో నంబరు కుండీలు పది. మేం కాల్చింది తొమ్మిది. పదోది మూడేళ్ల కింద అక్టోబరులో కుండీ పగిలిందనీ, మొక్కను కాల్చేశామనీ రాసి ఉంది. కింద సంతకం నాది. ఆ మొక్కను నేను కాల్చలేదు. ఆ రోజు నువ్వు ఇక్కడున్నావు. "ఇటివ్వక్కా, కాల్చే గుంటలో నేను పడేసొస్తా" అని నా చేతిలోంచి తీసుకున్నావు. నేను చూడకుండానే సంతకం పెట్టాను. అందుకే తప్పు పూర్తిగా నామీంచి పోదు, ఆ సంగతి పెద్దసారుకి రాసి ఇస్తాను.

మధ్యలో ఏముందిరా?

అది నీ దగ్గర ఉందా? ఉంటే, లోకంలో మిగిలింది అదొక్కటే. దాని మీద చెయ్యి వెయ్యకు. ఎవరినీ దగ్గరికి రానివ్వకు. నేను ఎవరి కాళ్లైనా పట్టుకుని దాన్ని నిలబెడతాను. నిన్ను ఒక్క మాట అనను, ఒట్టు. మధ్య వరసలు కాల్చానని రాశావు. దాన్ని మాత్రం వదిలేశానని రాయి.

అక్క


తోట ఇల్లు,
సెప్టెంబరు 9

అక్కా,

వదల్లేదు.

ముందు అదే పీకాను. జూలై ఇరవై ఎనిమిదిన, నీ ఉత్తరం చదివిన గంటకి. నువ్వు పెద్దసారుకి చెబుతావనీ, ఎవరైనా తోట చూడ్డానికి వస్తారనీ, వస్తే మధ్యలో ఆ మొక్క పచ్చగా నిలబడి ఉంటుందనీ భయమేసింది. చుట్టూ నలభై చచ్చి, అదొక్కటే కళకళలాడుతుంటే ఎవరికైనా తెలిసిపోదూ?

ఎందుకు తీసుకున్నానో చెప్పనా? ఆ రోజు నువ్వు దాని గురించి చెబుతుంటే నీ మొహం వెలిగిపోయింది. దేనికీ చావదురా ఇది అన్నావు. పగిలింది కుండీ, మొక్క బాగానే ఉంది. అలాంటిది ఒక్కటి నా తోటలో ఉంటే, నాలుగేళ్లలో దాని మీద అంటు కట్టుకుని నీకు చూపిస్తే, చదువబ్బని వాడు కూడా ఒకటి సాధించాడంటావనుకున్నాను. మట్టితో సహా సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. నీ మరదలికి కొన్నానని చెప్పాను. నువ్వు కత్తిరింపులకొచ్చినప్పుడు దాని పక్కనే నిలబడ్డావు. ఆకులు లేవు కాబట్టి గుర్తుపట్టలేదు. నేను ఆ పూటంతా తేలు కుట్టిన దొంగలా తిరిగాను.

జూన్‌లోనే నాకు అనుమానం వచ్చింది. నీ జవాబుతో ఖాయమైంది. అదే ఉత్తరంలో నువ్వు నీ బూట్ల సంగతి రాశావు. అక్కా, అది చదవగానే నాకు బాధ కలగలేదు. ముందు ఊపిరి ఆడింది. అది నీకు చెప్పకుండా మిగతావి చెప్పి లాభం లేదు.

నిన్న నీ మరదలికి అంతా చెప్పాను. కోప్పడలేదు. "మీ అక్క తన బూట్ల వల్లేనని రాస్తే చదివి నువ్వేం రాశావ్?" అని అడిగింది. పర్లేదని రాశాను అన్నాను. లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

పెద్దసారు ఊరూపేరూ పంపు. నా చేత్తో నేనే రాస్తాను.

తమ్ముడు


పరిశోధనా కేంద్రం,
పాత కాగితాల గది,
సెప్టెంబరు 30

నీకు,

మూడు వారాలు రాయలేకపోయాను. ఒట్టు పెట్టాను కదా ఒక్క మాట అననని. ఆ ఒట్టు మొక్క బతికుంటేనే. అయినా తిట్టడానికి శక్తి లేదు.

నీ జూలై ఉత్తరం తీసి మళ్లీ చదివాను. నిన్ను క్షమించేదేముంది అక్కా, అని రాశావు. ఆ రోజు ఆ మాట చదువుకుని ఎంత ఏడ్చానో నీకు తెలియదు, నా తమ్ముడి మనసు ఎంత పెద్దదని. ఇక్కడ పనిచేసే వాళ్లందరికీ చూపించాను. తోటమాలికి చదివి వినిపించాను. నీ మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క వాక్యం మీదే.

పెద్దసారుకి రాయి, అడ్రసు వెనక ఉంది. ఉద్యోగం తిరిగొస్తుందని కాదు, రాదు. మొక్క ఎలాగూ రాదు. నిన్ను చూడాలని నాకు లేదు. ఎప్పటికి ఉంటుందో తెలియదు.

కానీ ఒక పని చెయ్యాలి నువ్వు. పంతొమ్మిదో నంబరును బయటి నేలలో, పురుగు మధ్యలో, మూడు వేసవులు చూసిన మనిషివి నువ్వొక్కడివే. మేం ఎనిమిదేళ్లు చేసింది కుండీల్లో. ఎంత ఎదిగింది, ఎప్పుడు చిగురించింది, ఎండకి ఎలా ఉంది, కాసిందా, పీకినప్పుడు వేళ్లు ఎలా ఉన్నాయి, గుర్తున్నదంతా రాయి. గుర్తు లేనిది గుర్తు లేదనే రాయి. రేపు ఇంకెవరైనా ఎక్కడో ఇలాంటి తీగను చూస్తే, ఇది వెతకదగ్గ మొక్కని వాళ్లకి తెలియాలి. అందంగా రాయనక్కర్లేదు. నన్ను సంతోషపెట్టడానికి ఒక్క ముక్క కూడా కలపకు.

అక్క


తోట ఇల్లు,
అక్టోబరు 8

అక్కకు,

పెద్దసారుకి ఉత్తరం మొన్న పంపాను. నువ్వడిగింది ఇదిగో. నీ మరదలు పక్కనే కూర్చుని, నాకు తప్పుగా గుర్తున్నచోట సరిచేసింది.

నాటింది అక్టోబరులో, తారీకు గుర్తు లేదు. పద్నాలుగో వరసలో, ఎండిపోయిన ఒక మొక్క చోట. గోతిలో ఎరువేమీ వెయ్యలేదు. కుండీ మట్టి దులపలేదు.

మొదటి వేసవి: మా మొక్కలకంటే పది రోజులు ఆలస్యంగా చిగురించింది. నా నడుము దాకా ఎదిగింది. ఆకు చిన్నది, వెనక్కి తిప్పితే నూగుంది. నీళ్లు అన్నిటితో సమానంగానే పెట్టాను.

రెండో వేసవి: పై తీగని దాటింది, రెండుసార్లు కత్తిరించాను. ఆ ఏడు దాని పక్కన రెండు మొక్కలు పసుపెక్కాయి. దీని ఆకు ఒక్కటి కూడా రంగు తిరగలేదు. కాయలేదు.

మూడో వేసవి, అంటే ఈ ఏడు: గొట్టాలు మార్చినప్పుడు ఈ వరసకి పదకొండు రోజులు నీళ్లు లేవు. చుట్టూ అన్నీ వడిలాయి. ఇది వడలలేదు. మేలో పూత చూశాను, నాలుగు గుత్తులు. పిందె నిలవలేదు. మగ మొక్కేమో నాకు తెలియదు. కాండం నా బొటనవేలంత లావు. రోగం, బూజు ఏవీ చూడలేదు.

చుట్టూ చచ్చినవి ఇప్పటికి రెండు వందల తొంభై. వచ్చే ఏడు మిగతావి కూడా పోతాయని నీ మరదలు అంటోంది, నేనూ అదే అనుకుంటున్నాను.

వేళ్లు: తేలిగ్గా రాలేదు. పారతో మోకాలి లోతు తవ్వాల్సొచ్చింది. కింద ఇంకా ఉన్నాయి, తెగిపోయాయి. ఆ తెగినవి మళ్లీ మొలుస్తాయేమోనని నీ ఉత్తరం వచ్చాక వెళ్లి తవ్వి చూశాను. జూలైలో అక్కడ మంట వేసింది నేనే, మట్టి లోపలి దాకా కాలి ఉంది. ఏమీ లేదు.

పైకి వచ్చిన వేళ్లు పట్టుకుని చూశాను. భూతద్దం కూడా పెట్టాను, నీ మరదలు లేనప్పుడు. కొనలు సూటిగా, తెల్లగా ఉన్నాయి. ఒక్క ముడి లేదు, ఒక్క పురుగు లేదు. నువ్వు ఎనిమిదేళ్లుగా వెతుకుతున్నది ఇదేనని నాకు అప్పుడే అర్థమైంది. అర్థమైన తర్వాతే మంటలో వేశాను.

నీ తమ్ముడు